క్యాసెట్ చివర ఆడగొంతు

“ఊరికే తమాషాకి” అన్న మాట ఎవరి నోట విన్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పెళ్ళిలో ఎవరో జారిపడతారు. దాన్ని ఫోనులో పట్టి ఊరంతటికీ పంపుతారు. పడ్డవాడు చిన్నబుచ్చుకుంటే, “అయ్యో, ఊరికే తమాషాకి పెట్టాం, దానికే అంత ఇదా” అని మళ్ళీ వాడిదే తప్పన్నట్టు మాట్లాడతారు. మా ఇంట్లో పిల్లలు కూడా ఆ బాపతే. నేను కేకలేస్తే ముసలాడికి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఆ తమాషా నేనూ చేసినవాణ్ణే. చేసినవాడికే తెలుస్తుంది దాని సంగతి.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. అజ్మాన్‌లో సిమెంటు ఇటుకలు పోసే ఒక చిన్న ఫ్యాక్టరీలో టైంకీపర్ని. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎవరు ఎంతసేపు ఉన్నారో రిజిస్టర్లో రాయడం నా పని. ఫ్యాక్టరీ వెనకే రేకుల గదులు, అదే మా క్యాంపు. మా గదిలో ఎనిమిది మందిమి, అందరం కరీంనగర్ జిల్లా వాళ్ళమే. ఒకరి ఊరి నుంచి ఇంకొకరి ఊరికి నడిచిపోవచ్చు. అందులో ఇంటర్ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని గది మొత్తానికి ఉత్తరాలు చదివేది నేను, రాసేది నేను. ఎవడి పెళ్ళాం ఏం రాయించిందో వాడికంటే ముందు నాకు తెలిసేది. అది నాకు గొప్పగా ఉండేది, అబద్ధమెందుకు.

ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. సెలవు మీద ఊరికి పోయేవాడి చేతిలో క్యాసెట్ పెడితే, అక్కడ టేప్‌రికార్డర్ ఉన్నవాళ్ళ ఇంటి అరుగు మీద అది మోగేది. పదిళ్ళవాళ్ళు చేరేవారు. వచ్చేవాడు జవాబు తెచ్చేవాడు. ఇక్కడా అంతే. గదికి ఒకటే టేప్‌రికార్డర్, అందరం చందా వేసుకుని కొన్నది. ఒకడికి క్యాసెట్ వస్తే ఎనిమిది మందిమీ చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. పిల్లలు ఎక్కాలు చెప్పేవారు, ముసలమ్మ ఏడ్చేది, వెనక మేక అరిచేది. మొగుడికి చెప్పుకోవలసిన మాట పెళ్ళాం అక్కడ పదిమందిలో చెప్పాలి, వాడు ఇక్కడ పదిమందిలో వినాలి. ఇదేం పద్ధతి అని మాలో ఒక్కడికీ తోచలేదు.

నా పక్క మంచం పెద్దన్నది. మాలో వయసులో పెద్ద, నలభై దాటినవాడు, ఇటుకల మిషను దగ్గర పని. గదంతా ఆయన్ని పెద్దన్న అనే పిలిచేది. ఆయన భార్యను మేమెవ్వరం చూడలేదు గానీ ఆమె గొంతు మాకందరికీ తెలుసు. మా అందరికీ వదిన. క్యాసెట్లో ఆమె రెండు మూడు మాటలకంటే ఎక్కువ మాట్లాడేది కాదు. “మంచిగున్నం. నువ్వు పైలం” అని, పిల్లల్ని ముందుకు తోసేది. పదిమందిలో మాట్లాడడానికి సిగ్గు ఆమెకు. పెద్దన్న ఆ రెండు మాటల కోసం క్యాసెట్ మొత్తం వినేవాడు, మళ్ళీ తిప్పి ఇంకోసారి వినేవాడు. మేం దానికీ నవ్వేవాళ్ళం.

ఒక శుక్రవారం, సెలవు. పెద్దన్న పక్క ఊరివాడు మరునాడు పొద్దున ఇండియాకి పోతున్నాడు. పెద్దన్న పొద్దున్నే కూర్చుని క్యాసెట్ నింపాడు. బావి కింద మక్కలు ఎట్లున్నయి, చిన్నదానికి జరం తగ్గిందా, ఎడ్లకు గడ్డి ఉందా. నింపి, సబ్బులూ చాక్లెట్లూ కొనుక్కొస్తానని బజారుకు పోయాడు. క్యాసెట్ టేప్‌రికార్డర్లోనే ఉంది.

ఊళ్ళో భాగోతం ఆడినప్పుడల్లా ఆడవేషం నాది. గొంతు మారిస్తే చీకట్లో మా అమ్మే పోల్చుకునేది కాదు. గదిలో ఒకడు, “తమ్మీ, పెద్దన్న టేపుల నీ ఆడగొంతు పెట్టు, సాయంత్రం ఇనిపిస్తే చూడాలె ఆయన మొకం” అన్నాడు. మిగతావాళ్ళు ఎగదోశారు. నాకు ఎగదోయడం కూడా అక్కర్లేదు. పెద్దన్న చివరి మాట అయిన చోటికి టేపు తిప్పి, రికార్డు చేసే ఎర్ర బటను నొక్కి, గొంతు మార్చి అన్నాను: “ఏందయ్యా, ఇంకెంతసేపు మాట్లాడతవు ఇంటోళ్ళతోని? బువ్వ సల్లగైతంది, రా.” వెనక ఒకడు గిన్నె మీద గరిటెతో టంగుమనిపించాడు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

బూతు లేదు, ఏమీ లేదు. అదే నా తెలివి. బూతు ఉంటే ఎవడో ఆడిన నాటకమని తెలిసిపోయేది. అన్నం చల్లారుతోంది రమ్మని ఒక ఆడమనిషి పిలిస్తే ఇక అనుమానం ఏముంటుంది? సాయంత్రం పెద్దన్నకు వినిపించి, ఏడిపించి, చెరిపేద్దామని మా ఆలోచన. అందరం సముద్రంలో స్నానానికి పోయాం.

తిరిగి వచ్చేసరికి పెద్దన్న తృప్తిగా బీడీ కాల్చుకుంటున్నాడు. కంపెనీ బండి ఎవరినో దింపడానికి దుబాయ్ విమానాశ్రయానికి పోతుంటే, పక్క ఊరివాణ్ణి కూడా అందులోనే యల్లా, పద పద అని ఎక్కించారట. పెద్దన్న తనే క్యాసెట్ తీసి, చేతిరుమాల్లో చుట్టి, వాడి సంచిలో పెట్టాడట. “బండి దొరికింది, మంచిగైంది” అన్నాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పుడు కూడా ఒకడు ఇకిలించాడు.

విమానం తెల్లారిగానీ లేదు. రోడ్డు మీదికి పోతే టాక్సీ, గంటలో దుబాయ్. పోయి, అన్నా ఆ క్యాసెట్ ఇటివ్వు అంటే అయిపోయేది. పెద్దన్నకు చెప్పినా అయిపోయేది, తిట్టేవాడు, కొట్టేవాడు, అంతే. నేనేం చేశానంటే, కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాను. ఆఖరుదాకా ఎవరు వింటార్లే అనుకున్నాను. ఆ అన్నం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది, పెద్దన్న బావమరిది రాసింది. చదవవలసింది ఎవరు? నేనే. పని దిగాక, గదిలో అందరూ ఉన్నప్పుడే నా చేతికిచ్చాడు. అరుగు మీద క్యాసెట్ పెట్టారట. కులపోళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ విన్నారట. చివర ఎవతో ఆడది అన్నానికి పిలిచిందట. వదిన ఆ అరుగు మీదే కూర్చుని ఉందట. ఎవరో పకపక నవ్వారట. ఆమె మారుమాటాడకుండా లేచి, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయిందట. ‘అక్కడ ఎవతినో పెట్టుకున్నావని ఇక్కడ నీ పెళ్ళాం మొహం చూపించలేకపోతోంది, నువ్వు మనిషివేనా?’ అని ఉంది ఉత్తరంలో. అదంతా నేను నా సొంత గొంతుతో, అక్షరం పొల్లుపోకుండా చదివాను.

పెద్దన్నకు ఏమీ అర్థం కాలేదు. “ఆడిదేంది తమ్మీ? ఈ క్యాంపుల ఆడపిల్లి గూడ లేదు గద” అన్నాడు. గదిలో ఏడుగురం నేలచూపులు చూశాం. ఆయనే కాసేపు ఆలోచించి, పాత క్యాసెట్ కొన్నానేమో, కింద సినిమా మాటలు ఉన్నాయేమో అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నేను దాన్ని పట్టుకున్నాను. అంతే అన్నా, సినిమానే, అన్నాను. అదే జవాబుగా రాయించాడు. నేనే రాశాను, మంచి దస్తూరితో. ఊళ్ళో ఎవడైనా నమ్ముతాడా? నమ్మలేదు. ఇంకో ఉత్తరం వచ్చింది, ఇంకా ఘాటుగా. కులపెద్దలు కూర్చుంటారట, మనువు తెంపేస్తారట. పెద్దన్న తిండి మానేశాడు. మిషను దగ్గర చెయ్యి నలిగేది ఒకసారి, వెంట్రుకవాసిలో తప్పింది.

నాకు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చాచా దగ్గరికి పోయాను.

చాచా మా స్టోర్‌కీపర్. అరవై దగ్గర పడినవాడు, బొంబాయి కింద కొంకణం వైపు మనిషి. చేతి తొడుగు చినిగిందంటే చినిగిన తొడుగు చూపిస్తేగానీ కొత్తది ఇచ్చేవాడు కాదు. అందరికీ శుక్రవారం సెలవైతే ఆయన ఆ రోజు స్టోరు తెరుచుకుని కూర్చుని శనివారం సెలవు తీసుకునేవాడు. మెస్సులో మాంసం ముట్టేవాడు కాదు, తనే వండుకునేవాడు. ముస్లింలు ఆయన్ని క్రిస్టియన్ అనుకునేవారు, మలయాళీ క్రిస్టియన్లేమో ముస్లిం అనుకునేవారు. మేం ఏమీ అనుకునేవాళ్ళం కాదు, పెద్దమనిషి, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం స్టోరులో ఎవరూ లేనప్పుడు అంతా చెప్పాను. నాకు కావలసింది ఏమిటంటే, ‘పోనీలే బేటా, తెలియక చేశావు’ అన్న మాట. చాచా ఆ మాట అనలేదు. అతనికి చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. మరి నాకెందుకు చెబుతున్నావన్నాడు.

“దేవుడి ముందు చెంపలేసుకున్నా చాచా” అన్నాను.

“దేవుడికి ఇందులో సంబంధం లేదు” అన్నాడు ఆయన హిందీలో, నట్లు డబ్బాలో పోసుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. ఇదెక్కడి మాట? మా దగ్గర గోదాట్లో మూడు మునకలేస్తే ఎంతటి పాపమైనా పోతుంది, మీ దగ్గర దేవుడికి ఆ పాటి అధికారం కూడా లేదా అని ఎగిరాను. ఆయన కోపగించుకోలేదు. నువ్వు దేవుడికి చేసిన తప్పుంటే ఉపవాసం చెయ్యి, దండం పెట్టు, ఆయన మాఫ్ చేస్తాడన్నాడు. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాలి. అతను క్షమించందే దేవుడు కూడా క్షమించడు, ఆ ఒక్క విషయంలో దేవుడు తన చేతులు తనే కట్టేసుకున్నాడన్నాడు. పదిమందిలో ఒకరి మొహం తెల్లబోయేట్టు చేస్తే వాళ్ళ రక్తం చిందించినట్టేనని వాళ్ళ పెద్దలు చెప్పారట. మొహంలో ఎరుపు పోయి తెలుపు వస్తుంది కదా, ఆ ఎరుపు ఎక్కడికి పోయిందనుకున్నావని అడిగాడు.

ఏ మతంలో ఉంది ఇంత అన్యాయం అని అరిచాను. ఒక మాటకు హత్యానేరమా?

చాచా లేచి వెళ్ళి స్టోరు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. “యహూదీ” అన్నాడు. “మా వాళ్ళు కొంకణంలో ఎన్నో తరాల నుంచి ఉన్నారు. ఇప్పుడు నా ఉద్యోగం నీ నోట్లో ఉంది.”

యూదులంటే నాకు తెలిసింది సున్నా. ఆ దేశంలో ఆ రోజుల్లో ఆ మాట బయటపడితే ఆయన వీసా ఉంటుందో ఊడుతుందో చెప్పలేమని మాత్రం తెలుసు. నోటి తీటతో ఒక కొంప కూల్చి వచ్చిన నా చేతిలో, తన కొంప కూడా తెచ్చి పెట్టాడు ముసలాయన. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. నన్ను నమ్మమని ఎవరు చెప్పారు ఆయనకు? ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పుడే ఈ మాట రాస్తున్నాను, అప్పుడు మాత్రం ఎవరి దగ్గరా అనలేదు.

ఏం చెయ్యాలో కూడా చాచాయే చెప్పాడు. వాళ్ళ ధర్మంలో దానికో పద్ధతుంది. ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళి అడగాలి. వాళ్ళు క్షమించకపోతే రెండోసారి, అప్పుడూ కాకపోతే మూడోసారి వెళ్ళాలి. మూడుసార్లు నిజంగా అడిగినా కాదంటే ఇక అడిగినవాడి మీద బరువు లేదు.

ముగ్గురి కోసం గదిలో అడిగాను. ఎవడూ కదిలితే ఒట్టు. “అన్నది నువ్వు. మేం ఉత్తగ నవ్వినం” అన్నాడు నన్ను ఎగదోసినవాడే. గరిటె కొట్టినవాడు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. వాళ్ళ నవ్వు లేకపోతే నేను ఆ బటను నొక్కేవాణ్ణా? నవ్వడానికి నోరు వచ్చినవాళ్ళకి ఒప్పుకోడానికి రాలేదా? ఆ రోజు ఆ గదిలో నేను తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. తిట్టి, ఒక్కణ్ణే పోయాను.

పెద్దన్న కుళాయి దగ్గర బియ్యం కడుగుతున్నాడు. నిలబడి చెప్పేశాను. ఆయన గిన్నె వంచి నీళ్ళు పారబోశాడు, మళ్ళీ పట్టాడు.

“ఆ గొంతు పెట్టు ఒకసారి” అన్నాడు.

వద్దన్నా అన్నాను. పెట్టు అన్నాడు. ఆ కుళాయి దగ్గర, పట్టపగలు, ఆయన కళ్ళలోకి చూస్తూ నేను ఆడగొంతుతో మళ్ళీ అన్నం చల్లారుతోందని పిలిచాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“నెల దినాలాయె నాకు నిద్ర లేక” అన్నాడు. “నువ్వు నా పక్క మంచం మీదనే పండుకున్నవు గద తమ్మీ.”

కొడితే బాగుండేది. కొట్టలేదు. బియ్యం తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట లేదు. నేను చదవాల్సిన ఉత్తరం తీసుకుపోయి పక్క క్యాంపులో ఎవరితోనో చదివించుకున్నాడు. నా చెయ్యి విరిచేసినట్టయింది. మళ్ళీ పోయి అడిగాను. అప్పుడు మాట్లాడాడు. నన్నడిగి ఏం లాభం, ఎక్కడ ఇజ్జత్ పోయిందో అక్కడ చెప్పు, ఆ అరుగు మీద చెప్పు, అన్నాడు.

ఆ మాట చాచా కూడా అన్నదే. నలుగురిలో తీసిన పరువు నలుగురిలోనే నిలబెట్టాలి, చాటున చెప్పిన సారీ చెల్లదని. కొత్త క్యాసెట్ కొన్నాను, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పనిది. గది మధ్యలో టేప్‌రికార్డర్ పెట్టి, పెద్దన్న ముందే ఎర్ర బటను నొక్కాను. నా ఊరు చెప్పాను, మా నాన్న ఎవరో చెప్పాను. ఆ గొంతు నాదే అని చెప్పి, నమ్మకం కోసం మళ్ళీ ఆ గొంతు పెట్టి, మళ్ళీ నా గొంతుకు వచ్చాను. సినిమా అని అబద్ధం రాసింది కూడా నేనే అన్నాను. కులపెద్దలకు పేరుపేరునా, వరసవరసగా దండాలు పెట్టి తప్పైందన్నాను. మధ్యలో గరిటె కొట్టినవాడు లేచి వచ్చి, గిన్నె చప్పుడు నాదే అని ఒక ముక్క అన్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు గొణిగారు. నన్ను ఎగదోసినవాడు మాత్రం బయటికి పోయి నిలబడ్డాడు. ఇప్పటికీ వాడు ఎక్కడైనా ఎదురైతే నేను పలకరించను.

ఆ క్యాసెట్ పోయింది. నెలన్నరకు కబురు వచ్చింది. అరుగు మీద అందరూ విన్నారట, కులపెద్దలు విరగబడి నవ్వారట. ఓరి మీ దుంపతెగ, ఎంత పని చేశార్రా అన్నారట. వాళ్ళే బండి కట్టించుకుని పోయి వదినను తీసుకొచ్చి ఇంట్లో దింపారట. గదిలో పండగ. పెద్దన్న నా భుజం మీద చెయ్యి వేసి, “సరే తియ్, ఖలాస్” అన్నాడు. ఆ శుక్రవారం కోడి కోశాం.

నేను ఛాతీ విరుచుకుని చాచా దగ్గరికి పోయాను. మీ పెద్దలు చెప్పినట్టే చేశాను, రెండోసారికే అయిపోయింది, మూడోసారి అక్కర్లేకపోయింది అన్నాను. ఆయన సంతోషించాడు. నాకు ఖర్జూరాలు పెట్టాడు.

తరవాతి నెల ఊరి నుంచి వచ్చినవాడు క్యాసెట్ తెచ్చాడు. పెద్దన్నకే అనుకుని అందరం అలవాటుగా చుట్టూ కూర్చున్నాం. వదిన గొంతు. ఎప్పుడూ రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడని మనిషి ఆ రోజు పిల్లల్ని ముందుకు తొయ్యలేదు.

“గొంతు మార్చిన తమ్మీ, ఇది నీకే” అంది. “పోయినసారి నేను మొగడిడిచినదాన్నని నవ్విండ్రు. ఈసారి ఉత్త గొంతుకు మోసపోయిన పిచ్చిదాన్నని నవ్వుతుండ్రు. రెండుసార్లు నవ్వింది నన్నే. మీ అన్నను అడిగినవ్. కులపోళ్ళకు పేరుపేరునా దండం పెట్టినవ్. నన్ను అడిగినవా?”

ఎవడో టేపు ఆపాడు. నాకు ముందు కోపమొచ్చింది, నిజం చెబుతున్నాను. ఇంత చేస్తే ఇంకా ఏమిటి ఈమెకు అనుకున్నాను. కాపురం నిలబెట్టాను కదా అనుకున్నాను. కూల్చింది నేనేనన్నది అప్పటికే మరిచిపోయాను చూడండి. ఆ కోపం ఎక్కడ చూపించాలో తెలియక చాచా మీద చూపించాను. మీ పెద్దలు ఇంత తవ్వి చెప్పారు గదా, ఆడమనిషి సంగతి చెప్పలేదా అని నిలదీశాను. ఆయన చేతిలో పని ఆపేశాడు.

“వాళ్ళు చెప్పారు. ఎవరి మొహం తెల్లబోయిందో వాళ్ళనే అడగమన్నారు. నేను నీకు అతని దారి చూపించాను” అన్నాడు. “ఆమె నాకు గుర్తు రాలేదు.”

ఆ ముసలాయన ఆ మాట అంటూ సిగ్గుపడ్డాడు.

పెద్దన్న ఒక పని చేశాడు. చిన్న టేప్‌రికార్డర్ ఒకటి కొని ఇంటికి పంపాడు, ఇకనుంచి ఆమె క్యాసెట్ ఆమే వినాలని. గదిలో కూడా, నేను మాట్లాడేటప్పుడు అందర్నీ బయటికి తోలి తలుపు మూశాడు, తను కూడా వెళ్ళిపోయాడు. నేనొక్కణ్ణే కూర్చుని వదినకు చెప్పాను. తప్పైంది వదినా, మాఫ్ చెయ్యి అన్నాను. జవాబు రాలేదు. రెండు నెలలు చూసి రెండోది పంపాను. దానికీ రాలేదు. పెద్దన్నకు వచ్చే క్యాసెట్లలో ఆమె మాట్లాడుతూనే ఉంది, ఇప్పుడు చాలాసేపు మాట్లాడుతోందట, ఆయన టేప్‌రికార్డర్ చెవికి ఆనించుకుని వాటిని ఒక్కడే వినేవాడు. నా ఊసు మాత్రం లేదు. నాకు మళ్ళీ చిర్రెత్తింది. మూడోది నింపాను. వదినా, ఇది మూడోసారి, పెద్దల ధర్మం ప్రకారం మూడుసార్లు అడగాలి, అడుగుతున్నాను, ఇక నీ ఇష్టం అన్నాను. చేతులు దులుపుకున్నట్టే అన్నాను.

దానికి జవాబు వచ్చింది. పెద్దన్న దాన్ని నా చేతిలో పెట్టి బయటికి పోయాడు. తలుపు మూసుకుని పెట్టుకున్నాను. కాసేపు ఏమీ లేదు, తరవాత ఆమె గొంతు, ఎవరూ వినని చోట కూర్చుని మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా.

“మూడోసారి అంటున్నవ్. లెక్కవెట్టుకుంట అడుగుతున్నవా తమ్మీ?”

అంతే ఉంది. మిగతా టేపంతా ఖాళీ. నేను అది ఆగేదాకా విన్నాను, తిప్పి రెండో వైపు కూడా విన్నాను.